సెల్ఫ్ కొట్టే ముందు చేత్తో రెండు చుట్లు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది దేవరకొండ దగ్గర ఊరు. నల్గొండలో ఐటీఐ ఫిట్టర్ చేశాను. 2011 మోడల్ ఇన్నోవా డీజిల్ బండి హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొని రెండేళ్ళుగా కిరాయిలకు తిప్పుతున్నాను. రీడింగ్ 1,98,000 అయింది. పది రోజుల కింద మీటర్‌లో టీ-బెల్ట్ అని లైటు వెలిగింది, ఆరడం లేదు. షెడ్డులో చెప్పిన రేటు ఇప్పుడు నా వల్ల కాదు. ఫోన్‌లో వీడియోలు చూశాను, నలభై నిమిషాల పని అంటున్నారు. ఇంటి ముందు వేపచెట్టు కింద నేనే మార్చుకోవచ్చా? కవరు కొంచెం వదులు చేసి లోపల చూశాను, బెల్టు కొత్తదాని లాగానే ఉంది. శివరాత్రికి శ్రీశైలం కిరాయి ఒప్పుకున్నాను, పోయి వచ్చాక మారిస్తే ఏమన్నా అవుతుందా? మా నాయనేమో "మన ట్రాక్టరుకు ఇరవై ఏళ్ళలో ఏ బెల్టూ మార్చలేదు, ఇదంతా కంపెనీల మాయ" అంటున్నాడు.

జవాబు: తమ్మీ, ముందు శ్రీశైలం సంగతి తేల్చుకుందాం. మిగతావి ఆగుతాయి, శివరాత్రి ఆగదు.

ఆ బండితో పోవద్దు. టీ-బెల్ట్ అంటే టైమింగ్ బెల్టు, ఇంజన్ లోపలి భాగాలను వంతు తప్పకుండా తిప్పేది. ఆ లైటు బెల్టును చూసి వెలిగేది కాదు. దానికి కళ్ళు లేవు. ఇన్ని కిలోమీటర్లు తిరిగితే వెలగాలని లెక్క పెట్టి ఉంటుంది, ఆ లెక్క నిండితే వెలుగుతుంది, అంతే. బెల్టు మార్చినవాళ్ళు ఆ లెక్కను మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతారు. బెల్టు మార్చకుండా కూడా మొదలుపెట్టొచ్చు! నీ బండిలో లెక్క లక్షకు పెట్టి ఉందనుకో, 98 వేల దగ్గర ఎవరో రీసెట్ చేశారని అర్థం. అప్పుడు నిజంగా బెల్టు మార్చారా, లేక అమ్మే ముందు లైటు మాత్రం ఆర్పారా? బిల్లు నీ చేతిలో లేదు కదా. నీ బెల్టు లక్ష తిరిగినది కావచ్చు, రెండు లక్షలకు దగ్గర పడినదీ కావచ్చు. చరిత్ర తెలియని బెల్టును నేనైతే రెండోదానికిందే లెక్కేస్తాను.

ఇప్పుడు ఆ బండిలో ఏడుగురిని ఎక్కించుకుని డిండి మీదుగా మన్ననూరు దాటావనుకో. ఈగలపెంట దాటి డ్యాము వైపు దిగే మలుపుల్లో బెల్టు తెగితే ఇంజన్ ఆ క్షణమే ఆగుతుంది. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ పంపు కూడా ఇంజన్‌తోనే తిరుగుతుంది. నిల్వ ఉన్న వాక్యూమ్‌తో ఒకటి రెండుసార్లు బ్రేకు మామూలుగా పడుతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా అయిపోతుంది. బండిని ఎలాగో పక్కకు ఆపావనుకున్నా, మామూలు రోజుల్లో రాత్రి 9 దాటితే మన్ననూరు అడవి చెక్‌పోస్టు గేటు మూస్తారు, తెల్లవారి 6 దాకా నిన్ను లాక్కుపోవడానికి అటు నుంచి బండి రావడం కష్టం. కిరాయిని తెలిసినవాళ్ళ బండికి అప్పజెప్పు. కమీషన్ వచ్చినంత వస్తుంది.

బెల్టు కొత్తదాని లాగా ఉందన్నావు. కొత్తగా కనిపించే బెల్టును నేనూ నమ్మి ఉన్నాను ఒకప్పుడు. పైకి కనిపించేది రబ్బరు. బరువు మోసేది రబ్బరు కాదు, దాని కడుపులో పొడవునా పోగులు పోగులుగా ఉండే గాజు నార. పళ్ళు అరిగినా, అంచు పీచు లేచినా, వీపు మీద పగుళ్ళు కనిపించినా బెల్టు అయిపోయిందని ఖాయంగా చెప్పొచ్చు. కానీ అవేవీ కనిపించలేదు కాబట్టి బెల్టు బాగుందని చెప్పలేం. లోపలి పోగులు ఎన్ని తెగాయో టార్చి వేసినా కనపడదు. పైగా మన దిక్కు ఎండాకాలం 44, 45 డిగ్రీలు. బానెట్ కింద వేడి దానికి ఎంతో ఎక్కువ. రబ్బరుకు కిలోమీటర్ల వయసు ఒకటి, సంవత్సరాల వయసు ఇంకొకటి. ఈ రెంటిలో ఏది ముందు నిండితే అప్పుడే మార్చాలి. మాన్యువల్‌లో గడువు రాసి ఉంటుంది, చదువు.

ఇక మీ నాయన మాట. ట్రాక్టరు విషయంలో ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ట్రాక్టరు ఇంజన్లోనూ, బావి మీద ఆయిల్ ఇంజన్లోనూ పిస్టన్లు తిప్పే క్రాంకు నుంచి, గాలి, పొగ పోయే వాల్వులను తెరిచే క్యామ్‌కు పని గేర్ల మీద పోతుంది. ఇనుప పళ్ళు ఒకదానిలో ఒకటి పడి, నూనెలో తడుస్తూ తిరుగుతాయి. వాటికి గడువుండదు. కానీ గేర్లు బరువు, చప్పుడు. పొలంలో చప్పుడు ఎవరికి పట్టింది? కార్లలో బరువు, మోత తగ్గించడానికి బెల్టు పెట్టారు. బెల్టుకు నూనె అక్కర్లేదు, చప్పుడు చేయదు, చవక. బదులుగా గడువుకు మార్చాలి. కొన్ని ఇంజన్లలో బెల్టు బదులు చైను ఉంటుంది. స్విఫ్ట్, డిజైర్‌లో వచ్చిన 1.3 డీజిల్ ఇంజన్ అలాంటిదే. 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టా డీజిల్ కూడా చైనుదే. నీ పాత ఇన్నోవా 2,494 సీసీ ఇంజన్ మాత్రం బెల్టుది. ఇది మాయ కాదని మీ నాయనకు చెప్పు. ఇది ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టడం లాంటిది. పెట్టకపోతే ఇరుసు ఊరుకోదని ఆయనకు తెలుసు.

బెల్టు తెగితే అంత నష్టం ఎందుకో కూడా ఆయనకు వివరించు, అప్పుడు డబ్బులు ఆయనే ఇస్తాడు. డీజిల్ ఇంజన్లో స్పార్క్ ప్లగ్ లేదు. గాలిని 16 నుంచి 20 రెట్లు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. అంతగా నొక్కాలంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు, ఇంజన్‌కు మూత లాంటి హెడ్‌కూ దానికీ మధ్య దాదాపు చోటే ఉండకూడదు. అదే చోట్లోకి వాల్వులు దిగాలి. ఇంజన్ నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతుంటే ఒక్కో పిస్టన్ సెకనుకు 40 సార్లు పైకి వస్తుంది, ఒక్కో వాల్వు సెకనుకు 20 సార్లు తెరుచుకుంటుంది. ఈ ఇద్దరూ ఒకరినొకరు తాకకుండా వంతులు వేసి నడిపేది ఆ బెల్టే. అది తెగితే క్యామ్ ఎక్కడిదక్కడ ఆగుతుంది, కొన్ని వాల్వులు తెరుచుకునే ఉండిపోతాయి. కింద క్రాంకు మాత్రం వేగం మీద ఇంకా తిరుగుతూనే ఉంటుంది. పిస్టన్ వచ్చి వాల్వును గుద్దుతుంది. నీ ఇంజన్లో 16 వాల్వులున్నాయి. ఎన్ని వంగాయో హెడ్ దింపితే గానీ తెలియదు. ఆ బిల్లు ముందు బెల్టు కిట్టు ఖరీదు ఏ మూలకూ రాదు.

ఇప్పుడు నువ్వు మొదట అడిగింది. ఇంటి దగ్గర చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఇంకో బండి అయితే ఇంత సులువుగా అనేవాణ్ణి కాదు. నీ బండిలో ఇంజన్ బండి పొడవు వెంట, బెల్టు ముందువైపు రేడియేటర్‌కు ఎదురుగా ఉంటుంది. ఫ్యాన్, దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవరు తీస్తే చేతులాడే చోటు దొరుకుతుంది. డస్టర్, పోలో, ఎకోస్పోర్ట్ లాంటి బండ్లలో డీజిల్ ఇంజన్ అడ్డంగా ఉంటుంది. ముందు చక్రం తీయాలి, ఇంజన్ కింద జాకీ పెట్టి ఒక పక్క మౌంటింగ్ విప్పాలి, క్రాంకునూ క్యామ్‌నూ కదలకుండా పట్టే ప్రత్యేకమైన పిన్నులు కావాలి. ఆ బండ్లవాళ్ళు ఈ జవాబు చదివి పానాలు తీయకండి. మీది షెడ్డు పనే.

నీకు కూడా రెండు షరతులు. ఒంటరిగా చేయొద్దు, నీతో ఐటీఐ చదివినవాణ్ణి ఒకణ్ణి పిలుచుకో. ఇద్దరు చూసిన మార్కుకు, ఒక్కడు చూసిన మార్కుకు చాలా తేడా. రెండోది, రాత్రి చేయొద్దు. నలభై నిమిషాలు అన్నది వీడియో లెక్క. వాడు బోల్టు జారి కింది కవర్లో పడిన గంటను కత్తిరించేశాడు. నువ్వు పొద్దున ఆరింటికి మొదలుపెట్టి సాయంత్రం దాకా ఆ రోజంతా దానికే వదిలెయ్. ఇంజన్ రాత్రంతా చల్లారి ఉండాలి.

సామాను సంగతి. బెల్టు, దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్, దానికి దారి చూపే ఐడ్లర్ బేరింగ్ మూడూ కలిపి కొను. బెల్టు ఒక్కటే మార్చి పాత బేరింగ్ మీద వేసేవాళ్ళున్నారు. లక్ష తిరిగిన బేరింగ్ ఇంకో లక్ష తిరుగుతుందని ఎవరు పూచీ? అది పట్టేస్తే కొత్త బెల్టు కూడా పోతుంది. నల్గొండలో దొరక్కపోతే హైదరాబాద్ రాణిగంజ్ పో. బండి పేరు చెప్పి కాదు, ఆర్సీ మీద ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు చూపించి అడుగు. డబ్బా మీద కంపెనీ పేరు అచ్చు బాగుందా, అక్షరాలు వంకరగా ఉన్నాయా గమనించు, డూప్లికేట్ సరుకు చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. ఇంటికి తెచ్చాక పాత బెల్టు ఊడదీసినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి పళ్ళు లెక్కపెట్టు. కూర్చుని, వేలు పెట్టి, ఒక్కొక్కటి. వెడల్పూ చూడు. కొత్త బెల్టును మడవకు, తిప్పి వెనక్కి వంచకు, మేకుకు వేలాడదీయకు. లోపలి గాజు నార ఒక్కసారి మడత పడితే ఆ చోటే తెగుతుంది.

పనిముట్లలో నీ దగ్గర లేనిది టార్క్ రెంచ్, అంటే బిగువును కొలిచి చూపే పానా, ఒక్కటే అనుకుంటాను. అద్దెకో, అరువుకో తెచ్చుకో. ఏ బోల్టు ఎంత బిగువు అన్నది నేను ఇక్కడ రాయను. మోడల్‌ను బట్టి మారతాయి, పొరపాటున నా అంకె నీ బండిది కాకపోతే నీకే నష్టం. ఆ ఇంజన్ రిపేరు మాన్యువల్ సంపాదించి అందులో ఉన్న అంకెనే వాడు.

మొదట బండిని చదునైన చోట పెట్టు. చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టు, గేరు న్యూట్రల్‌లో ఉంచు. గేర్లో ఉంటే ఇంజన్ చేత్తో తిరగదు. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి గుడ్డ చుట్టు. తాళం చెవి మీ నాయన జేబులో వెయ్. నవ్వుకోకు. ఇంట్లో పిల్లలుంటారు, బండి బానెట్ లేస్తే చాలు డ్రైవర్ సీట్లో ఎక్కి కూర్చుంటారు. బెల్టు లేని ఇంజన్‌కు ఎవరైనా సెల్ఫ్ కొడితే కథ అక్కడితో సమాప్తం.

ఫ్యాన్ తీసే ముందు రేడియేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టు, పానా జారితే రేడియేటర్ రెక్కలు ఒరిగిపోతాయి. ఊడదీసే ప్రతిదానికీ ముందు ఫోన్‌లో ఫొటో తీయి. బోల్టులన్నీ ఒక డబ్బాలో వెయ్యకు. కవరు బోల్టుల్లో పొడుగూ పొట్టీ ఉంటాయి, పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే లోపల ఏదో ఒకదాన్ని పొడుస్తుంది. మా షెడ్డులో దీనికి పాత ఇడ్లీ ప్లేటు వాడేవాణ్ణి. ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టులు, తీసిన వరసలో. ఇంట్లోవాళ్ళను అడిగి తీసుకో, మళ్ళీ ఇడ్లీకి పనికిరాదని ముందే చెప్పు.

కవరు తీయగానే బెల్టు జోలికి పోకు. లోపల నూనె మరకలున్నాయా చూడు. క్యామ్ సీలు దగ్గర గానీ, కింద గానీ తడి ఉంటే ముందు ఆ లీకేజీ పని చూడాలి. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి పళ్ళు ఊడతాయి, కొత్తదైనా అంతే. లీకేజీ ఉందంటే ఆ రోజు పని అక్కడ ఆపి షెడ్డుకు లాక్కుపో. సీలు పని వేపచెట్టు కింద నేర్చుకునేది కాదు. ఇంకో మాట. మన దగ్గర దుమ్ము పట్టిన దేన్నైనా డీజిల్‌తో కడిగే అలవాటు. ఇక్కడ ఆ అలవాటు పనికిరాదు. పొడి గుడ్డతో తుడువు, చాలు.

ఇప్పుడు అసలు పని. దీని మీద నీ టైమంతా పెట్టు.

బెల్టు ఇంకా దాని మీదే ఉండగా, కింద క్రాంకు పుల్లీ మధ్య బోల్టుకు సాకెట్, పొడవు రాడ్ వేసి ఇంజన్‌ను చేత్తో తిప్పు. బండికి ఎదురుగా నిలబడితే గడియారం ముల్లు తిరిగే దిక్కుకే తిప్పాలి, వెనక్కి తిప్పొద్దు. బెల్టు ఉండగా పైన క్యామ్ పుల్లీ బోల్టు పట్టుకుని అసలే తిప్పొద్దు. క్యామ్ పుల్లీ మీద ఒక మార్కు ఉంటుంది, దానికి ఎదురుగా ఇంజన్ మీద ఒక గీత ఉంటుంది. కింది పుల్లీకీ అలాగే. రెండు చోట్లా ఒకేసారి కలవాలి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది, అందుకే కింద కలిసినప్పుడు పైన సరిగ్గా ఎదురు దిక్కున ఉందంటే కంగారు పడకు, ఇంకో చుట్టు తిప్పు. రెండు చుట్లు తిప్పినా ఒకటి రెండు పళ్ళు తేడాగా ఉంటే, ముందు ఎవరో తప్పుగా వేశారని. అలాంటప్పుడు కూడా ఆగి తెలిసినవాణ్ణి పిలువు. పాత తప్పును కొత్త బెల్టు మీదకు ఎక్కించకు.

మార్కులు కలిశాక వైట్‌నర్‌తో పుల్లీకీ బెల్టుకూ ఇంజన్‌కూ గీతలు పెట్టు, పైనా కిందా. ఇది సాయం కోసమే. తీర్పు మాత్రం కంపెనీ మార్కుదే, నీ వైట్‌నర్‌ది కాదు.

తిప్పేటప్పుడు చేతికి రెండు రకాల అడ్డు తగులుతుంది. ఈ తేడా వీడియోలో కనిపించదు, చేతికే తెలుస్తుంది. ఒకటి కంప్రెషన్. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కినట్టు మెత్తగా, స్ప్రింగులాగా వెనక్కి నెడుతుంది. అలాంటప్పుడు బలం పెట్టకుండా అలాగే పట్టుకుని ఉండు, కొన్ని క్షణాల్లో గాలి రింగుల పక్క నుంచి జారిపోతుంది, రాడ్ తనంత తానే కదులుతుంది. రెండోది ఇనుము ఇనుముకు తగిలిన అడ్డు. టక్ అని ఆగుతుంది, వెనక్కి నెట్టదు, ఎంతసేపు పట్టుకున్నా మెత్తబడదు. అది వాల్వు పిస్టన్‌ను తాకిన గుర్తు. అక్కడ ఇంకొంచెం బలం పెట్టినా వాల్వు వంగుతుంది. కొందరు తేలిగ్గా తిరుగుతుందని, స్టార్ట్ చేసేటప్పుడు వేడినిచ్చే గ్లో ప్లగ్గులు ఊడదీస్తారు. నీ బండికి పదేళ్ళు దాటింది, ఆ ప్లగ్గులు హెడ్‌లోనే విరిగే ప్రమాదం ఉంది. కొంచెం చెమట పట్టినా సరే, అవి ఉండగానే తిప్పు.

పాత టెన్షనర్ బోల్టులు ఒకటి కొంచెం, ఇంకొకటి కొంచెం చొప్పున వదులు చెయ్యి. బెల్టు వదులయ్యాక చేత్తోనే వస్తుంది, స్క్రూడ్రైవర్ పెట్టి లేపకు. బెల్టు తీసిన తర్వాత క్రాంకునూ క్యామ్‌నూ కదపొద్దు. వాల్వు స్ప్రింగుల ఒత్తిడికి క్యామ్ పుల్లీ కొంచెం పక్కకు జారితే పానాతో మెల్లగా మార్కుకు తెచ్చుకోవచ్చు. ఎక్కువ తిరిగిపోతే మాత్రం ముట్టుకోకు, ఫోన్ చెయ్యి.

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, పాలమూరులో షెడ్డు పెట్టిన కొత్తలో నేను ఇక్కడే దెబ్బ తిన్నాను. ఒక పాత డీజిల్ కారు. ఓనరు ఇంటిల్లిపాదితో కురుమూర్తి జాతరకు పోవాలి, రాత్రి ఎనిమిదికి బండి కావాలన్నాడు. బెల్టు తీశాను, కరెంటు పోయింది. టార్చి వెలుగులో కొత్త బెల్టు ఎక్కిస్తుంటే క్యామ్ టక్కున జారింది. ఎన్ని పళ్ళు జారిందో చూడలేదు, అంచనా మీద వెనక్కి తెచ్చి బెల్టు వేసి బిగించాను. చేత్తో తిప్పి చూస్తే అప్పుడే దొరికిపోయేది. ఓనరు భార్యాపిల్లలు షెడ్డు బయట నిలబడి ఉన్నారు, వాళ్ళ మొహాలు చూసి తొందరపడి నేరుగా సెల్ఫ్ కొట్టాను. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు ఒక్క శబ్దం. హెడ్ దింపితే నాలుగు వాల్వులు వంగి ఉన్నాయి. మూడు నెలలు సంపాదించింది ఆ హెడ్ మీద పెట్టాను. ఆ ఓనరు తర్వాత కూడా నా దగ్గరికే వచ్చేవాడు, కానీ బండి ఇచ్చిన ప్రతిసారీ "తిప్పి చూసినవా?" అని అడిగేవాడు. పదేళ్ళు అడిగాడు.

కొత్త టెన్షనర్ నూనె ఒత్తిడితో పనిచేసే రకం. డబ్బాలోనే దాని రాడ్‌ను లోపలికి నొక్కి పిన్ను పెట్టి ఇస్తే నీకు పని తగ్గింది, ఆ పిన్ను చివరిదాకా లాగకు. పిన్ను లేకుండా వస్తే మీ ఊరి వెల్డింగ్ షాపులో వైస్ ఉంటుంది కదా, అందులో నిలువుగా పెట్టి చాలా నెమ్మదిగా బిగించు. ఒక్కసారిగా బిగిస్తే లోపలి సీలు పోతుంది. రాడ్ రంధ్రం, బాడీ రంధ్రం ఎదురుబదురుగా రాగానే సన్నటి అలెన్ కీ దూర్చు.

కొత్త ఐడ్లర్ బిగించి, మార్కులు కదల్లేదని ఇంకోసారి చూసుకుని బెల్టు ఎక్కించు. బెల్టు మీద బాణం గుర్తుంటే అది తిరిగే దిక్కు. టెన్షనర్ లేని వైపు బెల్టు బిగువుగా ఉండాలి, ఉన్న వదులంతా టెన్షనర్ వైపుకు రావాలి. ఇక్కడే చాలామంది ఒక పన్ను తప్పుతారు. వదులు తప్పు వైపు మిగిలితే, టెన్షనర్ లాగినప్పుడు మార్కు ఒక పన్ను పక్కకు పోతుంది. టెన్షనర్ బోల్టులు మళ్ళీ అలాగే మార్చి మార్చి, సమంగా బిగించి, పైనా కిందా మార్కులు మీ ఇద్దరూ చూసి, అప్పుడు పిన్ను లాగు.

ఇక రాడ్ వేసి చేత్తో రెండు నిండు చుట్లు తిప్పు. అదే దిక్కు, అదే నిదానం. ఇనుప అడ్డు ఎక్కడా తగలకూడదు. రెండు చుట్ల తర్వాత పైనా కిందా మార్కులు మళ్ళీ అచ్చంగా కలవాలి. "దాదాపు కలిశాయి" అని నీ స్నేహితుడంటే బెల్టు మళ్ళీ ఊడదీయి. దాదాపు అనేది ఒక పన్నుకు ఇంకో పేరు. కలిశాయా? ఇంకో రెండు చుట్లు తిప్పి మళ్ళీ చూడు. నీ వైట్‌నర్ గీతలు మాత్రం బెల్టు మీద వేరే చోటికి పోయి ఉంటాయి, బెల్టు పళ్ళ లెక్క పుల్లీల లెక్క ఒకటి కాదు, దానికి భయపడకు.

తర్వాతదంతా తీసిన వరసకు తిరగేసి బిగించడమే. ఇడ్లీ ప్లేటు ఖాళీ అవ్వాలి. ఒక్క బోల్టు మిగిలినా దాని ఇల్లు ఎక్కడో వెతుకు. ఈ బండిలో వాటర్ పంపు టైమింగ్ బెల్టు మీద నడవదు, ఫ్యాన్‌తో పాటు బయటి బెల్టు మీద తిరుగుతుంది. కాబట్టి దాన్ని ఇప్పుడే మార్చాలని లేదు. ఫ్యాన్ ఊడదీసినప్పుడు పుల్లీ పట్టుకుని ఊపి చూడు. ఆడుతుంటే, కూలెంట్ కారిన చార కనిపిస్తే మార్పించు. బయటి బెల్టుల మీద పగుళ్ళుంటే అవి కూడా ఇదే చేతితో వేసెయ్.

స్టార్ట్ చేశాక ఒక నిమిషం యాక్సిలరేటర్ ముట్టుకోకుండా విను. సన్నటి కూత వస్తే ఏదో బేరింగో బెల్టో రాసుకుంటోంది, వెంటనే ఆపు. మామూలు డీజిల్ టకటక తప్ప ఇంకేం లేకపోతే ఊళ్ళో ఒక చక్కర్ వేసి రా. టీ-బెల్ట్ లైటు దానంతట అది ఆరదు, రీసెట్ చేసే పద్ధతి మాన్యువల్‌లో ఉంటుంది. తేదీ, రీడింగ్ ఒక కాగితం మీద రాసి బెల్టు కవరుకు అంటించు. రేపు నీ దగ్గర ఈ బండి కొనేవాడు నాకు ఇలాంటి ఉత్తరం రాయకుండా ఉంటాడు.

మీ నాయన పాత బెల్టును స్పేరుగా డిక్కీలో పెడదామంటాడు, నాకు తెలుసు. కత్తెరతో రెండు ముక్కలు చేసి ఇవ్వు. గేటు కట్టుకోవడానికి గట్టిగా ఉంటుంది.

ఏ రోజు చేస్తున్నావో ముందు రోజు నాకు మెసేజ్ పెట్టు. రెండు చుట్లు తిప్పాక పై మార్కు, కింది మార్కు దగ్గర నుంచి ఫొటోలు తీసి పంపు. నేను చూసి సరే అనే దాకా తాళం చెవి మీ నాయన జేబులోనే ఉండనీ.